టారో కొత్తగా నేర్చుకునేవాళ్లకి: ఒకే కార్డుకి నాలుగు అర్థాలు ఎందుకొస్తాయి?

ఈ ఎపిసోడ్ టారో కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం. ఏలూరు, తాడేపల్లిగూడెం, ఇటు కైకలూరు వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "మేడం, పుస్తకంలో ఒక అర్థం ఉంది, వీడియోలో ఇంకోటి చెప్తున్నారు. ఏది నమ్మాలి?"

ఒక కార్డు తీసుకుని చూద్దాం. నాణేల అయిదు. రైడర్ వెయిట్ స్మిత్ డెక్‌లో దీన్ని ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ అంటారు. బొమ్మలో మంచు కురుస్తోంది. చిరిగిన బట్టలతో ఇద్దరు నడిచి వెళ్తున్నారు, ఒకతను ఊతకర్రల మీద ఉన్నాడు. పక్కనే లోపల దీపం వెలుగుతున్న రంగుటద్దాల కిటికీ. అర్థం డబ్బు ఇబ్బంది. ఇదే కార్డుకి 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో జోస్యం చెప్పిన ఎతెయా పద్ధతిలో ప్రియుడు లేదా ప్రియురాలు అని అర్థం. థోత్ డెక్‌లో కార్డు కిందే 'వర్రీ', అంటే దిగులు, అని రాసి ఉంటుంది. మార్సే డెక్‌లో అయితే మనుషులే ఉండరు. అయిదు నాణేలు, వాటి మధ్య పూలతీగలు, అంతే.

నలుగురూ తప్పు చెప్పలేదండి. ఎవరి డెక్ వాళ్లది. మన చిలక జోస్యం ఆయన ఉన్నాడు చూడండి, చిలక తీసిన కార్డు మీద దేవుడి బొమ్మ చూసి ఆ దేవుడి కథని మీ కష్టానికి ముడిపెట్టి చెప్తాడు. ఆ కార్డుల కట్ట తీసుకెళ్లి టారో పుస్తకంలో అర్థం వెతికితే దొరుకుతుందా? దొరకదు కదా. టారోలో డెక్‌కీ డెక్‌కీ మధ్య కూడా అదే ఇబ్బంది ఉంది. కాకపోతే బొమ్మలు కొంచెం దగ్గరగా ఉంటాయి కాబట్టి మనకి తేడా వెంటనే తెలీదు.

ఈ తేడాలు ఎక్కడ పుట్టాయో చెప్తాను. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా మొదలైంది. జోస్యానికి పుట్టలేదు. 1781లో కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. ఈజిప్టు బొమ్మల లిపిని షాంపోలియన్ చదివింది 1822లో, అంటే ఆ లిపి ఎవరికీ చదవడం రాని రోజుల్లో ఈయన ఆ మాట అన్నాడన్నమాట. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఎతెయా కార్డుకో అర్థం చొప్పున అచ్చువేశాడు. 1909లో లండన్‌లో ఆర్థర్ వెయిట్ ఆలోచనతో పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి 78 కార్డులకీ బొమ్మలు గీసింది. ఇవాళ మనం కొనే డెక్కుల్లో ఎక్కువ భాగం ఆమె బొమ్మల దారిలో వచ్చినవే. థోత్ డెక్ 1938 నుంచి 1943 వరకు అలిస్టర్ క్రౌలీ కోసం ఫ్రీడా హ్యారిస్ చిత్రించింది.

ఇప్పుడు మన పేక తెలిసినవాళ్లకి సులువైన లెక్క. టారోలో 22 పెద్ద కార్డులు, వాటిని మేజర్ ఆర్కానా అంటారు. మిగతా 56 చిన్నవి, మైనర్ ఆర్కానా. పేకలో 52 ఉంటాయి కదా, ఇక్కడ ప్రతి రంగులో గుర్రపు రౌతు ఒకడు అదనం, అందుకే 56. మన ఇస్పేటు ఇంగ్లీషు స్పేడ్ నుంచి వచ్చింది, ఆ మాటకి మూలం ఇటలీ భాషలో కత్తి. టారోలో ఆ కత్తులే ఉన్నాయి. ఆటీను చోట కప్పులు, డైమను చోట నాణేలు, కళావరు చోట కర్రలు అనుకోండి. మామూలుగా కప్పులంటే మనసు, నాణేలంటే డబ్బు, ఒళ్లు, కత్తులంటే ఆలోచన, గొడవ, కర్రలంటే పని, ఉత్సాహం.

అంకెలు కూడా ఇలాగే పట్టుకోవచ్చు. ఒకటి మొదలు, రెండు జత, మూడు పెరుగుదల, నాలుగు స్థిరపడటం, అయిదు కదిలిపోవడం, ఆరు సర్దుకోవడం, ఏడు పరీక్ష, ఎనిమిది సాధన, తొమ్మిది పండటం, పది ముగింపు. నాలుగు రంగులు, పది అంకెలు. ఈ 14 మాటలు వస్తే 40 కార్డులకి పునాది పడినట్టే.

కప్పుల నాలుగు చూడండి. వెయిట్ స్మిత్‌లో చెట్టు కింద ఒక కుర్రాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మూడు కప్పులు, మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగోది ఇస్తోంది, వాడు చూడడు. విసుగు. థోత్‌లో ఇదే కార్డు పేరు 'లగ్జరీ', సుఖం. విసుగు ఎక్కడ, సుఖం ఎక్కడ అనిపిస్తుంది. కొల్లేరు వాళ్లకి నేనిలా చెప్తాను: బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి పట్టుకెళ్తుంది. ఆ నడక ఆగిపోతే నీరు నిండుగానే కనపడుతుంది, నాలుగు రోజులకి నాచు కడుతుంది. మనసు నిండి నిలిచిపోయిన స్థితే కప్పుల నాలుగు. ఒకరు ఆ నిండుతనాన్ని చూశారు, ఇంకొకరు నాచుని చూశారు.

ఇక అందరూ తడబడే చోటు. మార్సేలో 8 జస్టిస్, 11 స్ట్రెంత్. వెయిట్ స్మిత్‌లో 8 స్ట్రెంత్, 11 జస్టిస్. కారణం మనకి బాగా తెలిసిన రాశిచక్రమే. స్ట్రెంత్ కార్డు మీద సింహం ఉంది కాబట్టి సింహరాశి, జస్టిస్ చేతిలో త్రాసు ఉంది కాబట్టి తులారాశి. చక్రంలో సింహం ముందు, తుల తర్వాత. అందుకని వాటి నెంబర్లు మార్చారు. క్రౌలీ నెంబర్లు మళ్లీ పాత పద్ధతిలోనే ఉంచి, పేర్లు మార్చాడు. థోత్‌లో రాజు కార్డు కూడా ఉండదు, ఆ మొదటి స్థానంలో నైట్ ఉంటాడు. కాబట్టి నెంబరు చూసి అర్థం వెతక్కండి, బొమ్మ చూసి వెతకండి. పుస్తకం కొనేటప్పుడు అది ఏ డెక్ కోసం రాసిందో ముందు చూడండి.

ఎలా నేర్చుకోవాలంటే, మొదట ఒక్క డెక్కే పెట్టుకోండి. వెయిట్ స్మిత్ సులువు, ప్రతి కార్డులోనూ ఒక సన్నివేశం ఉంటుంది. రోజుకో కార్డు, 78 రోజులు. నోటుబుక్కులో ముందు బొమ్మలో మీకు ఏం కనపడిందో రాయండి, తర్వాత రంగు, అంకె కలిపితే ఏమొచ్చిందో రాయండి, ఆఖరున పుస్తకం తెరవండి. వేరే డెక్ అర్థం తగిలితే కొట్టెయ్యకండి, పక్కన ఆ డెక్ పేరుతో రాసుకోండి.

ఇదంతా ఎందుకింత పట్టుగా చెప్తున్నానంటే, మన వైపు జనం కార్డుల ముందు కూర్చుని అడిగేది చిన్న ప్రశ్న కాదండి. "చెరువు లీజుకి తీసుకోనా? ఈసారి రొయ్య వెయ్యనా, చేపే ఉంచనా?" దాని వెనక అప్పు ఉంటుంది, ఇంట్లో బంగారం ఉంటుంది. నాణేల అయిదు పడిందనుకోండి. ఒక పుస్తకం నష్టం అంటుంది, ఇంకో పుస్తకం ప్రియురాలు అంటుంది. దీని మీద లక్షల లీజు నిర్ణయిస్తామా? నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరు చెప్తుంది, అమ్మోనియా సంగతి ల్యాబు చెప్తుంది, రేటు మార్కెట్టు చెప్తుంది. కార్డుకి అవి తెలీవు.

మరి కార్డు ఏం చేస్తుంది? మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ మంచులో నడిచేవాళ్ల పక్కనే దీపం వెలుగుతోంది, వాళ్లు తలెత్తి చూడలేదు. "పంట పోతే నేను తలుపు తట్టగల ఇల్లు ఏది? ఆ మాట ఇప్పుడే వాళ్లతో మాట్లాడానా?" ఇంటికెళ్లి ఆలోచించుకోవాల్సిన ప్రశ్న అది. రేపు మీరు ఎవరికైనా కార్డులు చూస్తే అక్కడ ఆగిపోండి. దోషం ఉంది, శాంతికి ఇంత కట్టండి అని ఎవరైనా అంటే మాత్రం అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. 78 కార్డుల్లో, ఏ డెక్‌లోనూ, పూజ ఖర్చు రాసిన కార్డు లేదు.

ఈ వారానికి నాలుగు రంగుల్లోనూ అయిదు అంకె కార్డులు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నాలుగింటిలో ఏం కదిలిపోయిందో మీ మాటల్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటితోనే మొదలుపెడదాం. ఉంటానండి.