నీడలకు ప్రాణము

రాత్రివేళ దీపము ముందు నిలిచిన బాలుడు తన నీడ గోడపై ఇంటికప్పు వరకు పెరిగియుండుట చూచి ఉలికిపడును. నీడకు ప్రాణమున్నదను శంక ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. జపాను దేశమున ఇండ్ల తలుపులకు పలుచని కాగితము అంటించెడివారు. వెన్నెలరాత్రి మనుష్యులు లేని ఇంట ఆ కాగితముపై స్త్రీ నీడ కదలినచో, అది 'కాగే ఓన్నా', అనగా నీడ స్త్రీ, అని జడిసెడివారు. తొరియామా సెకియెన్ అను చిత్రకారుడు 18వ శతాబ్దమున ఆమె బొమ్మను గీసెను.

మన రామాయణమునందు సింహిక కలదు. సముద్రముపై ఎగురుచున్న హనుమంతుని వేగము హఠాత్తుగా తగ్గెను. అతడు నలుదిక్కులు పరికింపగా, క్రింద నీటిలో ఒక రాక్షసి తన నీడను పట్టి లాగుచుండెను! అతడు దేహమును కుదించి, ఆమె నోట దూరి, సంహరించి వెడలెను.

అట్టి నీడను భయము లేక పిలిచి ఆడించినవారు మనకు చేరువనే కలరు. హిందూపురమున రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరము చేరినచో, ఆ మండలములోనిదే నిమ్మలకుంట. అచటి తోలుబొమ్మలవారు ఇంట మరాఠీ కలసిన భాష మాటలాడినను, తెరపై రాముని చేతను రావణుని చేతను తెలుగే పలికింతురు.

మేకతోలును శుభ్రము చేసి, వెలుతురు చొచ్చునంత పలుచగా గీకి, ఆరబెట్టుదురు. రూపము గీసి, నగలున్న చోట్ల ఉలితో సన్నని రంధ్రములు పొడిచి, ఇరుప్రక్కల రంగులు పూయుదురు. దీపకాంతి ఆ తోలు గుండా వచ్చుటచే తెరపై పడునది నల్లని నీడ కాదు, రంగుల నీడ. నీడకు రంగుండుట వింతయే కదా! బొమ్మను తెరకు ఆనించినచో రేఖలు స్పష్టముగ కనబడును. దీపమువైపు జరిపినచో నీడ పెరిగి మసకబారును. గోడపై బాలుని బెదరించిన నీడ పెరిగినదియు ఇందుచేతనే. రాముని కథ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించనిదే తెల్లవారదు.

2020లో ఆ గ్రామస్థుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ లభించెను. అయినను రాత్రంతయు సాగు ఆటలు అరుదైనవి. నేడు ఆ చేతులే అదే తోలుతో విద్యుద్దీపముల గొడుగులు చేసి అమ్ముచున్నవి. ఆ గొడుగులపై హనుమంతుడు నేటికిని ఎగురుచున్నట్లే యుండును. వెనుక నిలిచి కదలించువాడు మాత్రము లేడు.