ఊరు మారితే గుర్తు మారె!

మేడ్చల్: పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అయినా ప్రతి పార్టీ ‘మావాడే’ అంటూ ఒకరిని బలపరుస్తుంది. చిక్కంతా ఇక్కడే.

2019 జనవరిలో మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో సర్పంచి అభ్యర్థులకు ఉంగరం, కత్తెర వంటి గుర్తులను పేర్ల అక్షరక్రమంలో వరుసగా ఇచ్చారు. కాబట్టి ఒక ఊళ్లో ఒక పార్టీవారికి దక్కిన ఉంగరం, పొరుగూళ్లో ఎదుటి పక్షానికి పోవచ్చు. ఓటు పత్రంపై పేర్లూ ఉండవు. వియ్యాలవారి ఊళ్లో విన్న గుర్తును మనసులో పెట్టుకొని ముద్ర వేస్తే ఓటు తారుమారే!

2025 నాటికి జిల్లాలోని పంచాయతీలన్నీ పట్టణ సంస్థల్లో కలిశాయి. అక్కడ పార్టీ గుర్తులే ఉంటాయి. ఆ చిక్కు తీరింది. కాని మన వీధి నీళ్లు, మురుగుకాలువ ఎవరు పట్టించుకుంటారో ఏ గుర్తూ చెప్పదు. మనిషిని ఎరిగి ఓటేయడమే మేలు.