ఫీజు కట్టడం వేరు, పెత్తనం వేరు

పదకొండో తరగతిలో ఏ గ్రూపు తీసుకుంటారో రాసివ్వాల్సిన ఫారం ఒకటి రెండు వారాలుగా మా రూవీ ఇంట్లో భోజనాల బల్ల మీద నలుగుతోంది. మా అమ్మాయి బొమ్మలు వేస్తుంది. సైన్సు వద్దు, పెయింటింగ్ ఉన్న హ్యుమానిటీస్ తీసుకుంటానంటోంది. నేను ఇంజనీరింగు ఎందుకు చదివానని అడిగితే నా దగ్గరున్న జవాబు ఒక్కటే, ఎంసెట్‌లో ర్యాంకొచ్చింది.

ఈ గొడవలో పడి నేను సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని చదవడం మొదలుపెట్టాను. మనకాయన సెప్టెంబరు 5న దండ వేసే ఫోటోగానే తెలుసు. అసలాయన వృత్తి తత్వశాస్త్ర ఆచార్యుడు. మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు.

తమాషా ఏమిటంటే, ఆయనా ఇష్టపడి ఆ సబ్జెక్టులో చేరలేదు. తిరుత్తణిలో డబ్బులేని తెలుగు కుటుంబం వారిది. డిగ్రీ పూర్తయిన బంధువొకాయన తన తత్వశాస్త్రం పుస్తకాలు ఊరికే ఇచ్చేస్తే, కొనే ఖర్చు తప్పుతుందని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో అదే తీసుకున్నారు. ఇది మా అమ్మాయి కన్నా నాకే పనికొచ్చే కథ! కానీ తర్వాత ఆయన ఎటు నడిచారో చూడండి. ముప్పై ఏళ్ల వయసులో, 1918లో, పుస్తకం రాసింది ఒక కవి మీద, రవీంద్రుడి తత్వం మీద.

కళను ఆయన తీరిక వేళ సరదాగా చూడలేదు. 1932లో అచ్చయిన 'యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్'లో శాస్త్రవేత్తకు తట్టే కొత్త ఊహ, చిత్రకారుడికి కలిగే దర్శనం ఒకే చెట్టు కొమ్మలన్నట్టు రాస్తారు. ఆ స్ఫురణ బుద్ధికి విరోధి కాదు. బుద్ధి బాగా శ్రమపడ్డాక వచ్చేది.

ఇది మా వృత్తివాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. మూడు రోజులు లాగ్ ఫైళ్లు తిరగేసినా దొరకని బగ్ నాలుగో రోజు స్నానం చేస్తుంటే తడుతుంది. ఆ మూడు రోజులూ లేకపోతే స్నానం ఒక్కటీ ఏం చేస్తుంది? మా అమ్మాయి మత్రా రేవులోని ఒకే చెక్క పడవను ఓ నలభైసార్లు గీసింది. నేను దాన్ని కాలక్షేపం అనుకున్నాను.

ఇక వ్యక్తి స్వేచ్ఛ. 1948లో వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు ఆయనే అధ్యక్షులు. మేఘనాథ్ సాహా, జాకిర్ హుస్సేన్ వంటివారు సభ్యులు. 1949 నాటి ఆ నివేదిక సైన్సు చదివేవాళ్లూ సాహిత్యం, కళల పరిచయం లేకుండా బయటికి రాకూడదంది. మనుషులందర్నీ ఒకే అచ్చులో పోసే చదువు నియంతలకు పనికొస్తుందని హెచ్చరించింది. ప్రభుత్వం డబ్బిస్తుంది గనక ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కూడా తానే నిర్ణయిస్తానంటే కుదరదంది. ఆ భాగం చదువుతూ 'ప్రభుత్వం' అన్నచోట 'నాన్న' అని పెట్టుకున్నాను. కాసేపు పుస్తకం మూసేయాల్సి వచ్చింది.

అలాగని స్వేచ్ఛంటే 'నా ఇష్టం' అని కాళ్లు చాపుకోవడమని ఆయన ఎక్కడా అనలేదు. తనను తాను తీర్చిదిద్దుకునే బరువు కూడా ఆ మనిషిదే.

కూడూ గుడ్డా అమరాకే కళలు అంటాం కదా, మనం ఉంటున్న దేశాన్నే చూడండి. 1970 నాటికి ఒమన్‌లో ఉన్నవి మూడే బడులు. అలాంటిచోట సుల్తాన్ ఖాబూస్ 1985లో ఒమనీ పిల్లలకు వయొలిన్లూ సెల్లోలూ నేర్పించి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టించారు. ఆయన పేరిట విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది ఆ మరుసటి ఏడు, 1986లో.

"వాళ్లకు చమురు బావులున్నాయి, మనకు వీసా ఉంది, అదీ మీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే" అంది మా ఆవిడ. కాదనలేను. నాకూ భయమే. బొమ్మలతో పిల్ల బతుకు గడుస్తుందని రాధాకృష్ణన్ గారు ఎక్కడా హామీ ఇవ్వలేదు. అయితే ఇరవై ఏళ్లుగా చుట్టూ చూస్తున్నాను, ఇంజనీరింగూ అలాంటి హామీ ఏమీ ఇవ్వలేదు.

ఫారం ఇవ్వడానికి ఆదివారం ఆఖరు. నిన్న రాత్రి కింద తండ్రి సంతకం పెట్టి, గ్రూపు గడి ఖాళీగా వదిలి తన బల్ల మీద పెట్టాను. పొద్దున చూస్తే ఇంకా ఖాళీగానే ఉంది. పక్కన పెన్సిలుతో చిన్న పడవ మాత్రం వేసి ఉంది.