విరిగిన ఎముక అతికింది, మరి ఆ తర్వాత?

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అటువంటి ఒక కుటుంబం అడాజన్ ప్రాంతంలో ఉందనుకుందాం. ఆ ఇంటి నాయనమ్మకు అరవై అయిదేళ్ళు. స్నానాలగదిలో కాలు జారి, చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. తాపీ నదికి అవతల ఉన్న ఒక ఆసుపత్రిలో కట్టు వేశారు. ఆరు వారాలకు కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కాని ఒక ప్రశ్న మిగిలిపోయింది. నిలుచున్న చోట పడినంత మాత్రాన ఎముక ఎందుకు విరగాలి?

ఎముక సజీవమైన కణజాలం. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముకను కడుతుంటాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదోవంతు ఇలా మారిపోతుంది. యౌవనంలో కట్టడం ఎక్కువ, కరగడం తక్కువ. వయసు మీరేకొద్దీ ఇది తారుమారవుతుంది. స్త్రీలలో ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గిపోవడంతో కరగడం మరీ వేగమవుతుంది. ఎముక లోపల గుల్లబారుతుంది. ఇదే ఆస్టియోపోరోసిస్. దీనికి నొప్పి ఉండదు. చాలామందిలో ఎముక విరగడమే మొదటి సూచన!

ఇలా ఒక ఎముక విరిగినవారికి మరొకటి విరిగే ప్రమాదం సుమారు రెండు రెట్లు పెరుగుతుంది. ఆ ప్రమాదం మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ. ఈసారి విరిగేది తుంటి కావచ్చు. తుంటి విరిగిన వృద్ధులలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు.

మరి మందులు లేవా? ఉన్నాయి. తుంటి విరిగి శస్త్రచికిత్స జరిగిన 2,127 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఏడాదికొక జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ పొందినవారిలో నూటికి సుమారు 9 మందికి మళ్ళీ ఎముక విరిగింది. మందులేని ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో సుమారు 14 మందికి విరిగింది. మరణాలు కూడా తగ్గాయి.

మందు ఉన్నా అది రోగికి అందకపోవడమే చిక్కు. ఎముకల డాక్టరు విరిగినదాన్ని అతికిస్తారు. గుల్లబారడం సంగతి ఇంటి దగ్గరి డాక్టరు చూస్తారని ఆయన అనుకుంటారు. ఆ డాక్టరుకు ఎముక విరిగిన సంగతే తెలియకపోవచ్చు. ఆసుపత్రి చీటీ గుజరాతీలోనో ఇంగ్లీషులోనో ఉంటే నాయనమ్మకు అది చదవరాదు.

ఈ ఖాళీని పూరించడానికి స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1999లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. దాని పేరు ఫ్రాక్చర్ లయజన్ సర్వీస్. ఇందులో కీలక వ్యక్తి ఒక నర్సు. యాభై దాటి, ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చిన ప్రతివారినీ ఆమె నమోదు చేస్తుంది. డెక్సా యంత్రంతో ఎముకల సాంద్రత కొలిపిస్తుంది. అవసరమైన చికిత్సను వారి సొంత డాక్టరుకు తెలియజేస్తుంది. మొదటి 18 నెలల్లోనే 4,600 మందికి పైగా రోగులను ఇలా చూశారు. అంతర్జాతీయ ఆస్టియోపోరోసిస్ సంస్థ 2012 నుంచి ఈ పద్ధతిని దేశదేశాలలో ప్రోత్సహిస్తోంది.

మందు మొదలుపెట్టాక కూడా కనిపెట్టి ఉండాలి. ఉదాహరణకు వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంటసేపు పడుకోకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహిక పుండుపడవచ్చు. మందు పనిచేస్తున్నట్టు రోగికి ఏమీ తెలియదు కనుక చాలామంది మధ్యలోనే మానేస్తారు. మూడు నాలుగు నెలలకు ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగడం అందుకే అవసరం. కంటిచూపు, మగత కలిగించే మందులు, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ గురించి కూడా అప్పుడే అడగాలి.

ఎండలు మండే మన దేశంలో విటమిన్-డి కొరత ఏమిటని మీకు అనిపించవచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా కనిపించేవారిలోనూ ఈ కొరత విస్తారంగా కనిపించింది. వారి ఆహారంలో కాల్షియం కూడా తక్కువే. అందువల్ల వీటిని కూడా సరిచూడాలి.

మన ఆసుపత్రులలో ఈ పని ఒక నోటుపుస్తకంతో, ఒక ఫోనుతో మొదలుపెట్టవచ్చు. అయితే అది ఎవరి బాధ్యతో ముందే నిర్ణయించాలి. మీ ఇంట్లో యాభై దాటినవారికి చిన్నపాటి పాటుకే ఎముక విరిగిందా? కట్టు విప్పే రోజున మీరూ వెంట వెళ్ళండి. "ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలా, డాక్టరుగారూ?" అని అడగండి. ఆయన చెప్పింది రాసుకుని, ఆ కాగితాన్ని మీ ఇంటి దగ్గరి డాక్టరుకు చూపించండి.