చికాగోలో మొదటి ప్యాకెట్, షామ్‌బర్గ్‌లో మన అమ్మాయి

కోటెక్స్ ప్యాడ్ల మొదటి ప్యాకెట్ ఎక్కడ అమ్ముడైందో తెలుసా? చికాగో శివారు షామ్‌బర్గ్‌కి ముప్పై మైళ్ల లోపే, చికాగోలోని ఊల్‌వర్త్ దుకాణంలో. అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధంలో గాయాలకు కట్టే కట్ల కోసం కింబర్లీ-క్లార్క్ కంపెనీ చెట్ల గుజ్జుతో దూదిలాంటి సరుకొకటి తయారుచేసింది. సైనిక ఆసుపత్రుల్లో నర్సులు దాన్నే నెలసరికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక కంపెనీకి ఆ వాడకమే వ్యాపారమైంది. అయితే దుకాణంలో నోరు తెరిచి అడగడానికి ఆడవాళ్లు ఇబ్బందిపడ్డారు. దాంతో కౌంటర్ మీద ప్యాకెట్లూ, పక్కనే డబ్బులు వేసే డబ్బా పెట్టారు.

ఇవాళ షామ్‌బర్గ్‌లోని వుడ్‌ఫీల్డ్ మాల్ చుట్టుపక్కల ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా ఈ సరుకుకి ఒక అలమర వరసంతా కేటాయించి ఉంటుంది. అమ్మాయిని వెంట తీసుకెళ్లి, ఇద్దరూ కలిసి పెట్టె వెనకవైపు చదవాలి. ప్యాడ్లు, టాంపాన్లలో ఏం వాడారో పెట్టె మీద రాయాల్సిందేనని న్యూయార్క్ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. పెద్ద కంపెనీలు రాష్ట్రానికో పెట్టె అచ్చువేయవు కాబట్టి ఆ జాబితా ఇక్కడి పెట్టెల మీదా చాలావరకు కనిపిస్తుంది. అందులో సువాసన ఉందని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. లేత చర్మానికి మంట, దురద తెచ్చేవాటిలో అది ముఖ్యమైనది. నెలసరి రక్తానికి పరిమళం అద్దాల్సిన అవసరం అసలు లేదు. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చుకుంటే చాలు.

‘ఆర్గానిక్ కాటన్’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండడానికీ లేదు. పైపొర నూలుదైనా అడుగున ప్లాస్టిక్ పొర ఉండొచ్చు. 2024లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 30 టాంపాన్లను పరీక్షిస్తే అన్నిట్లోనూ ఎంతో కొంత సీసం దొరికింది. మామూలువాటిలో సీసం ఎక్కువ, ఆర్గానిక్‌వాటిలో ఆర్సెనిక్ ఎక్కువ. ఆ లోహాలు ఒంట్లోకి ఎంత చేరతాయన్నది ఆ పరీక్ష తేల్చలేదు కాబట్టి భయపడి పారేయనక్కర్లేదు. ఆర్గానిక్ అన్న ఒక్క మాటకే రెట్టింపు ధర పెట్టనూ అక్కర్లేదు.

త్వరగా మట్టిలో కలిసిపోతుందని చెప్పే వెదురు ప్యాడ్ల సంగతీ అంతే. చెత్తబుట్టలోంచి ల్యాండ్‌ఫిల్‌కి చేరి, గాలి ఆడకుండా పూడుకుపోతే అవీ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. మన ఇళ్లలో నిజంగా చెత్త తగ్గించేది ఉతికి మళ్లీ వాడుకునే సరుకే. గుడ్డ ప్యాడ్లు, పీరియడ్ అండర్‌వేర్, మెన్‌స్ట్రువల్ కప్పు.

అమ్మమ్మలు మెత్తబడిన పాత నూలు చీర చింపి వాడుకున్నారు. గుడ్డలో దోషం లేదు. ఎవరి కంటా పడకూడదని దాన్ని చీకటి మూల, మరో బట్ట కింద ఆరేయడమే ఇన్ఫెక్షన్లకు దారితీసింది. ఇప్పటి గుడ్డ ప్యాడ్లకు గుండీలుంటాయి, లోపల పొరలుంటాయి. ముందు చన్నీళ్లలోనే జాడించాలి, వేణ్నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఫాబ్రిక్ సాఫ్టెనర్ వేస్తే గుడ్డ తడి పీల్చుకోదు. ఇల్లినాయ్ చలికాలంలో ఎండ కోసం ఎదురుచూడకుండా, తయారీదారు వద్దనకపోతే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద పూర్తిగా ఆరబెట్టేయొచ్చు.

పీరియడ్ అండర్‌వేర్ అమ్మాయిలకు ఇట్టే నచ్చుతుంది. కొనేముందు రెండు సంగతులు. థింక్స్ కంపెనీ లోదుస్తుల్లో పీఫాస్ రసాయనాలున్నాయని అమెరికాలో దావా పడింది. తప్పు ఒప్పుకోకుండానే ఆ కంపెనీ 2023లో 50 లక్షల డాలర్ల దాకా చెల్లించే రాజీకి వచ్చింది. అందుకే పీఫాస్ కలపలేదని స్పష్టంగా చెప్పే బ్రాండే కొనండి. రెండోది ఇంకా ఆశ్చర్యం. నెలసరి సరుకులు ఎంత పీల్చుకుంటాయో కంపెనీలు ఏళ్ల తరబడి ఉప్పునీళ్లతోనో మామూలు నీళ్లతోనో కొలిచాయి. 2023లో ఆరెగన్ పరిశోధకులు అలాంటి 21 రకాల సరుకులను అసలు రక్తంతో పరీక్షించారు. అన్నిటికంటే తక్కువ పట్టింది పీరియడ్ అండర్‌వేర్‌కే. కాబట్టి రెండో రోజు ఉధృతికి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బడిలో ఉండే పిల్లకి అదొక్కటే ఇచ్చి పంపకండి. ప్యాడ్‌కి తోడుగానో, చివరి రోజులకో బాగుంటుంది.

బడిలో ఉన్నట్టుండి మొదలైతే? ఇల్లినాయ్ చట్టం ప్రకారం 4 నుంచి 12 తరగతుల పిల్లలు వాడే బడి బాత్‌రూముల్లో ప్యాడ్లు ఉచితంగా ఉండాలి. 2018లో 6వ తరగతి నుంచి మొదలై, తర్వాత 4కి దిగింది. షామ్‌బర్గ్ పిల్లలు చదివే డిస్ట్రిక్ట్ 54 బడులకూ, డిస్ట్రిక్ట్ 211 హైస్కూళ్లకూ వర్తిస్తుంది. ఈ సరుకు మీద రాష్ట్రం 2017 జనవరి నుంచి అమ్మకపు పన్ను కూడా తీసేసింది. మన దేశం జీఎస్టీ ఎత్తేసింది 2018 జులైలో.

అక్కడి పిల్లలూ ఊరుకోలేదు. యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి జిల్లా పరిషత్ హైస్కూలు అమ్మాయిలు చెరువుల్ని కమ్మేసే గుర్రపుడెక్కతో, మెంతులు, పసుపు, వేప, సబ్జా గింజలు కలిపి ప్యాడ్లు చేశారు. ‘స్త్రీ రక్షా ప్యాడ్స్’ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం మొదలైంది. 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు 10 ప్యాడ్లు ఇచ్చారు.

కప్పు గురించి అమ్మలు గొంతు తగ్గించి అడిగేది ఒకటే: పెళ్లికాని పిల్ల వాడొచ్చా? వాడొచ్చు. కప్పుతోనో టాంపాన్‌తోనో కన్యత్వం పోదు. ఆ భయంతో పిల్లని వేసవంతా స్విమ్మింగ్ పూల్‌కి దూరం చేయడం అన్యాయం. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష 43 అధ్యయనాలను కూర్చి చూసి, కప్పులు సురక్షితమని తేల్చింది. ఒక్కటి కొంటే పదేళ్ల దాకా వస్తుంది. అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తనకు ఇష్టం లేకపోతే మాత్రం పర్యావరణం పేరు చెప్పి బలవంతపెట్టకండి. టాంపాన్ అయితే 8 గంటలు దాటనివ్వకూడదు. 1980లో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అమెరికాని కుదిపేసి, రిలై అనే టాంపాన్ మార్కెట్లోంచే పోయింది. టాంపాన్‌గానీ కప్పుగానీ వాడుతున్నప్పుడు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఒళ్లంతా ఎర్రటి దద్దు వస్తే వెంటనే తీసేసి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఏది కొన్నా ఒక లెక్క చూడండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా సరుకు మార్చి లాభం లేదు, డాక్టరుకి చూపించాలి. ‘మా ఇంట్లో అందరికీ ఇంతే’ అని మనం సరిపెట్టుకునే అధిక రక్తస్రావం వెనక కొన్నిసార్లు వాన్ విల్లెబ్రాండ్ అనే, తరాలుగా వచ్చే, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు ఉంటుంది. అమ్మకీ, పిన్నికీ, అమ్మమ్మకీ ఎలా ఉండేదో కూడా డాక్టరుతో చెప్పండి.