రేకుల దుమ్ము, బొంగురు గొంతు

చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం. మగ్గం షెడ్డయినా, వంటపాకయినా తలెత్తితే చాలాచోట్ల సిమెంటు రేకే కనిపిస్తుంది. ఆ రేకులో సిమెంటుతో పాటు సుమారు 8 నుంచి 10 శాతం రాతినార కలుస్తుంది. ఆస్‌బెస్టాస్ అంటే అదే. ఒకప్పుడు మన పులివెందుల ప్రాంతపు గనుల్లోనూ దీన్ని తవ్వారు. 1986లో కేంద్రం కొత్త గనుల లీజులు ఆపేసింది కానీ, రేకుల తయారీ ఆగలేదు. నార ఇప్పుడు రష్యా లాంటి దేశాల నుంచి వస్తోంది.

ఈ నారకు ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న సంబంధం చాలామంది వినే ఉంటారు. గొంతు సంగతి తక్కువమందికి తెలుసు. 2006లో అమెరికా వైద్య సంస్థ ఒకటి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి, స్వరపేటిక క్యాన్సర్‌కు ఆస్‌బెస్టాస్ కారణమేనని తేల్చింది. ఆ దుమ్ములో పనిచేసినవాళ్లకు ముప్పు మిగతావారికన్నా దాదాపు 40 శాతం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం కూడా అదే నిర్ణయానికి వచ్చింది. స్వరపేటికకు పైనున్న గొంతు భాగం విషయంలో ఆధారాలు ఇంకా పరిమితం. అన్నవాహిక విషయంలో అవీ చాలవు.

స్వరపేటికే ఎందుకు? పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరాలంటే స్వరతంత్రుల మధ్యనున్న ఇరుకు సందులోంచే పోవాలి. కంటికి కనిపించని నార పోగులు కొన్ని అక్కడే గుచ్చుకుంటాయి. లోపలికి పోయినవాటిలో కొన్ని కఫంతో మళ్లీ అదే దారిన పైకి వస్తాయి. శరీరం ఆ పోగుల్ని కరిగించుకోలేదు. ఏళ్ల తరబడి రాపిడి, వాపు. జబ్బు బయటపడేసరికి ఇరవై ముప్పై ఏళ్లు గడిచిపోవచ్చు, ఆ పని మానేసి కూడా చాలాకాలమై ఉండొచ్చు.

ఇక పొగాకు. స్వరపేటిక క్యాన్సర్‌కు మొదటి కారణం పొగే, ఆ తర్వాత మద్యం. పొగాకు గోదాముల ఊరు మనది. చుట్ట, బీడీ తాగుతావా అని డాక్టరు అడుగుతారు, రోగి అవునంటాడు, విచారణ అక్కడితో ముగుస్తుంది. ఏం పని చేశావన్న ప్రశ్న రాదు. ఇది సరికాదు. చుట్ట తాగే రేకుల మేస్త్రీ గొంతు మీద రెండు బరువులూ పడుతున్నాయి.

పగలని రేకు కింద పడుకునేవాళ్లు హడలిపోనక్కర్లేదు. ప్రమాదం దుమ్ములో ఉంది: కట్టరుతో కోసేవాళ్లకు, డ్రిల్లుతో బెజ్జాలు వేసేవాళ్లకు, పాత రేకులు పగలగొట్టేవాళ్లకు, ఆ దుమ్ము బట్టలు ఇంట్లో ఉతికే ఆడవాళ్లకు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను తర్వాత విరిగిన ముక్కల్ని చీపురుతో పొడిగా ఊడ్చకండి. నీళ్లతో బాగా తడిపి, చేతనైనంత వరకు విరక్కుండా ఎత్తండి. వాటిని నలగ్గొట్టి దారి గుంటల్లో పోయకండి. ముఖానికి చుట్టిన తువ్వాలు ఆ పోగుల్ని ఆపదు. దుమ్ము బట్టలు దులపకుండా, తడిపి, విడిగా ఉతకండి.

ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలని 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది. అది ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్నవాళ్లకు. ఇంటింటికీ తిరిగి రేకులు వేసే మేస్త్రీ పేరు ఏ రిజిస్టరులో ఉంది? అతని చరిత్ర అతనే చెప్పుకోవాలి.

గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకండి. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. స్వరతంత్రి మీద పుట్టిన గడ్డ తొందరగానే మాట మారుస్తుంది. అప్పుడే పట్టుకుంటే రేడియేషన్‌తో చాలామందికి జబ్బు నయమవుతుంది, మాటా దక్కుతుంది. అక్కడ డాక్టరు అడగకపోయినా, ఎన్నేళ్లు రేకులు కోశారో మీరే చెప్పి, ఓపీ చీటీ మీద రాయించుకోండి.