సముద్రపు ద్రాక్ష

ఫిలిప్పీన్ దీవులలోని సెబూ పట్టణపు అంగళ్లలో పచ్చని చిన్న గుత్తులు కుప్పలుగా పోసి అమ్ముచుందురు. దూరమునుండి చూచువారికి అవి పిందెదశలోని ద్రాక్షగుత్తులవలె తోచును. చేతిలోనికి తీసికొని చూచినచో ఒక్కొక్క గింజ మిరియపు గింజకంటెను చిన్నది. నోట వేసికొని నమలగానే గింజలు టపటప చిట్లి, ఉప్పని నీరు నాలుకపై చిందును. ఇది పండు కాదు, కాయయు కాదు; సముద్రమున పెరుగు ఆకుపచ్చని నాచు. సెబూవారు దీనిని లాతో అందురు. అదే దేశమున ఉత్తరాననున్న ఇలోకోసు ప్రాంతమువారు అరోసెప్ అందురు. జపానుదేశపు ఒకినావా ద్వీపవాసులు ఉమిబుదో, అనగా సముద్రపు ద్రాక్ష, అని పిలుచుచున్నారు.

శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన పేరు కాలెర్పా లెంటిలిఫెరా. కాలెర్పా అను ప్రజాతిని 1809లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామురూ ఏర్పరచెను. గ్రీకు మాటలనుండి వచ్చిన ఆ పేరునకు ప్రాకెడు కాడ అని అర్థము. ఎర్రసముద్రమున దొరకిన నమూనాలనుబట్టి ఈ జాతిని 1837లో వర్ణించినవాడు స్వీడను దేశీయుడైన యాకోబ్ అగార్డ్. లెంటిలిఫెరా అనగా మసూరు గింజలను మోయునది. ఒకరికి ద్రాక్ష కన్పించినచోట మరియొకరికి పప్పు కన్పించినది. చూచువారి వంటయింటినిబట్టి పేరు మారును కాబోలు.

సముద్రపు నాచులను ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు పెద్ద తెగలుగా విభజింతురు. మన గట్లమీది మొక్కలకు దగ్గరి చుట్టములు ఆకుపచ్చ తెగవే. అయినను కాలెర్పా కుటుంబమునకు ఒక విచిత్ర లక్షణము కలదు. మామిడిచెట్టయినను గడ్డిపోచయైనను లెక్కలేనన్ని కణములు పేర్చి కట్టిన కట్టడము. సముద్రపు ద్రాక్ష యంతయు ఒకే కణము. ఇసుకలో ప్రాకు తీగ, దానిక్రింద నేలను పట్టుకొను వేళ్లవంటి పోగులు, పైకి లేచిన గుత్తులు, గుత్తులకున్న గింజలు, అన్నియు కలిసి ఒకే గోడలోపలి ఒకే గది. అడ్డుగోడ ఒక్కటియు లేదు. లోపల కేంద్రకములు మాత్రము అసంఖ్యాకములు. గోడ కూలకుండ ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు సన్నని దూలములు మాత్రము వ్యాపించియుండును.

వెలుతురు, నీటి కదలిక మారినచో ఈ ప్రజాతి మొక్కల రూపమును మారును. ఒకే జాతి రెండుచోట్ల రెండు జాతులవలె కన్పించుటచే వర్గీకరణము చిరకాలము చిక్కులతో నడచినది. 2014లో వంశపదార్థమును పోల్చి చూచినప్పుడు, రాసిమోసా అను ఒకే పేరున చెలామణియైన దగ్గరి బంధువులలో పెక్కు వేరు జాతులున్నట్లు తేలినది. మన ద్రాక్షను గుర్తుపట్టుటకు ఒక ఆనవాలు కలదు: గుండ్రని గింజకును దాని చిన్న తొడిమకును నడుమ సన్నని నొక్కు ఉండును.

ఎర్రసముద్రము, ఆఫ్రికా తూర్పుతీరము మొదలు ఆగ్నేయాసియా దీవులమీదుగా ఒకినావావరకు, పసిఫికు పడమటి దీవులవరకు ఇది సహజముగా పెరుగును. అలల తాకిడి తక్కువైన ఇసుకనేలలు, పగడపు దిబ్బల లోతట్టులు దీనికి ఇష్టము.

దీని సాగునకు ప్రసిద్ధిచెందినది సెబూ ప్రక్కనున్న మాక్టాన్ ద్వీపము. 1950 తరువాతి తొలి సంవత్సరములలో, వేరొక నాచుతోపాటు ఎవరును తలపెట్టకయే ఇది అక్కడి చేపలచెరువులలో చేరినదని చెప్పుదురు. చేపలకొరకు త్రవ్విన చెరువులలో పంట తానై వచ్చినది. ఇక సాగుపద్ధతి చూచినచో మన వరినాట్లు జ్ఞప్తికి వచ్చును. చెరువులోని నీటిని తగ్గించి, కూలీలు వరుసలుగా నడచుచు, గుప్పెడేసి నాచును మీటరునకో అంతకు తక్కువ ఎడముతోనో ఒక కొన బురదలో గ్రుచ్చుదురు. గుప్పెడు సుమారు 100 గ్రాములు. హెక్టారునకు ఇంచుమించు 1,000 కిలోల నారు పట్టును. తరువాత నీటిని అర మీటరుకు పైగా పెట్టి, రోజు విడచి రోజు పోటునీటిని తూముద్వారా మార్చుచుందురు. రంగు వెలిసినచో పోషణ చాలలేదన్నమాట. అప్పుడు ఎరువును చిన్న సంచులలో కట్టి నీటిలో వ్రేలాడదీయుదురు. రెండు నెలలకు పంట చేతికి వచ్చును. నాలుగవవంతు నేలలోనే విడిచి తక్కినది తీసికొందురు. విడిచినదే మరుసటి పంటకు విత్తనము. చక్కగా సాగినచో ఏడాదికి హెక్టారునకు 12 నుండి 15 టన్నుల పచ్చి నాచు దిగుబడి యగును.

గుప్పెడు తుంచి నాటిన మాత్రమున బ్రతుకుటకు కారణము ఆ ఒకే గది నిర్మాణమే. తెగినచోట లోపలి జిగురు కొద్ది నిమిషములలో బిరడావలె గట్టిపడి గాయమును మూయును. ముక్క తిరిగి పూర్తి మొక్కయగును. కాని బలమున్న చోటనే బలహీనతయు కలదు. సంతానోత్పత్తి కాలము వచ్చినప్పుడు మొక్క తన లోపలి సారమునంతను బీజములుగా నీటిలోనికి వదలివేయును. పచ్చగానున్న మడిలో రైతునకు తెల్లని పొట్టు మాత్రము మిగులును. వాన మరియొక శత్రువు. సముద్రపు నీటిలో వేయింటికి 35 పాళ్లు ఉప్పుండును. అది 30 పాళ్లకు క్రిందికి పోరాదు. అందుచేతనే ఏటి మొగలకు దూరముగా చెరువులను ఎన్నుకొందురు. వాననీరు తేలికగుటచే కొంతసేపు పైననే నిలుచును. తూము పై పలకలను తీసి ఆ నీటిని పంపివేయు ఉపాయము మన కోస్తా రొయ్యలచెరువులవారును ఎరిగినదే.

ఒకినావాలో గట్టుమీది తొట్లలోనికి సముద్రపు నీటిని ఎక్కించి పెంచుదురు. వియత్నాముదేశపు ఖాన్ హోవా తీరమునకు 2004లో ఇది జపానునుండి వచ్చినది. అక్కడ చెరువులపై నీడకొరకు వలలు కప్పుదురు. ఉప్పుతో నీరు తీసి సంచులలో ఎగుమతి చేయు పద్ధతియు అక్కడ కలదు. అట్టి నాచును మంచినీటిలో కొద్ది నిమిషములుంచినచో గింజలు మరల ఉబ్బును.

పచ్చిదానిని శీతలయంత్రమున పెట్టుట పొరపాటు. ఉష్ణదేశపు మొక్క యగుటచే చలికి వాడి నీరుకారును. చల్లని నీడలో తడి ఆరకుండ ఉంచినచో కొన్నిరోజులు నిలుచును. దీనిని వండరు. సెబూలో ఉల్లిపాయ, టమాటో ముక్కలతో సిర్కాతో తిందురు. సిర్కాను ముందుగా కలిపినచో గింజలు చప్పబడును. కనుక వేరుగిన్నెలో ఉంచి ముంచుకొని తినుట మేలు. నూటికి 90 పాళ్లకు పైగా నీరేయైన దీనిని కడుపు నింపునదిగా మేము చెప్పజాలము. రుచియంతయు ఆ చిట్లుటలోనే కలదు.

దీని దాయాది కథయును చెప్పవలెను. టాక్సిఫోలియా అను కాలెర్పా జాతి చేపల ప్రదర్శనశాలల అలంకారమునకు వాడబడుచుండెడిది. చలికి ఓర్చిన దాని రకమొకటి 1984లో మొనాకో సముద్ర ప్రదర్శనశాల క్రింది తీరమున చదరపు మీటరు మేర కనిపించినది. పడవల లంగరులకు, వలలకు తగిలిన ముక్కలు పోయినచోటనెల్ల మొలచి మధ్యధరా సముద్రమున వేలకొలది హెక్టార్లు ఆక్రమించినవి. 2000లో కాలిఫోర్నియాలో కనిపించినప్పుడు పైన దుప్పట్లు కప్పి, క్లోరిను పంపి చంపిరి. పూర్తిగా నశించినదని ప్రకటించుటకు 2006వరకు పట్టినది. నారుగా ఉపయోగపడిన గుణమే ఇక్కడ ఉపద్రవమైనది.

మన విశాఖపట్టణపు రాళ్లమీదను కాలెర్పా జాతులు కొన్ని కలవు. 2020నుండి మత్స్య సంపద యోజనక్రింద నాచుల సాగునకు ప్రభుత్వ సహాయము లభించుచున్నది. అందు ప్రాధాన్యము ఎర్రనాచులకే. ఎవరైన ఆకుపచ్చ ద్రాక్షను మన తీరమున పెంచదలచినచో, పొరుగుదేశపు నారును తెచ్చి బహిరంగ సముద్రమున విడువక, మన సముద్రములలోని మొక్కలనుండియే నారు తీసి మూసిన చెరువులలో ప్రారంభింపవలెనని మా అభిప్రాయము. తూమునకు సన్నని వల కట్టి, కోతనాడు తెగిన ముక్కలను గట్టుమీదనే ఎండబెట్టవలెను.